అంగిట్లో మచ్చ

తుమ్మపాల అప్పలకొండమ్మకు అరవై దాటాయి. పన్ను నొప్పి ఆమెకు కొత్త, చుట్ట పాత. అనకాపల్లి వైపు చాలామంది ఆడవాళ్ళలాగే ఆమె కూడా నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి తాగుతుంది. చూడని వాళ్ళకు అది కొరివితో తల గోక్కోవడంలా ఉంటుంది. చెరుకు తోటలో గాలికి చుట్ట ఆరిపోకూడదంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదని ఆమె అంటుంది. పెళ్ళికి ముందే తల్లి దగ్గర నేర్చుకున్న విద్య. మొగుడు పోయినా అది పోలేదు.

పన్ను నొప్పి కింది దవడలో మొదలైంది. లవంగం పెట్టింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మందుల షాపువాడు ఇచ్చిన మాత్రలు మింగింది. పన్నులో పురుగు చేరిందనీ, పొగ పట్టిస్తే చస్తుందనీ ఊళ్ళో నలుగురూ అంటే, ఉన్న చుట్టలకు తోడు మరో రెండు ఎక్కువ తాగింది. పురుగు చావలేదు సరికదా, చెంప బూరెలా పొంగింది. గంజి తప్ప ఏదీ లోపలికి పోవడం మానేసింది. పన్ను నొప్పి పగవాడికి కూడా వద్దంటారు. ఆ మాట ఎందుకు పుట్టిందో ఆమెకు ఆ వారంలో బాగా తెలిసింది.

కోడలు బుజ్జి ఆమెను అనకాపల్లిలో పళ్ళ డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. అద్దాల తలుపులు, చల్లని గది. డాక్టరు పన్ను చూసి, వేరు శుభ్రం చేసి పైన తొడుగు వెయ్యాలన్నాడు. అక్కడి అమ్మాయి చెప్పిన ఖర్చుకి పాడిగేదె రాకపోయినా దూడ వస్తుంది. కంపెనీ కార్డు గానీ ఇన్సూరెన్సు గానీ ఉందా అని ఆ అమ్మాయి మర్యాదగానే అడిగింది. వాళ్ళకున్నది రేషన్ కార్డు. పోనీ పీకెయ్యమంటే, వాపు తగ్గాక రమ్మన్నారు, దానికీ రుసుం ఉంది. వచ్చేటప్పుడు డాక్టరు చుట్ట గురించి గట్టిగానే మందలించాడు. డబ్బు లేని వాళ్ళకు సలహా మాత్రం ఎక్కడైనా ఉచితమే.

సబ్బవరం అవతల పళ్ళ డాక్టర్ల కాలేజీ ఒకటుందని పక్కింటి మరిడమ్మ చెప్పింది. అక్కడ పిల్లలు చదువుకుంటారట, వాళ్ళకు నోళ్ళు కావాలట, చీటీ రాయించుకుంటే చాలట. మన నోళ్ళ మీద నేర్చుకుంటారేమోనని బుజ్జి జంకింది. ఎవరి నోట్లోనో ఒకరి నోట్లో నేర్చుకోవాలి కదా అని అప్పలకొండమ్మ బస్సెక్కింది.

అక్కడ ఆమెకు సిరి అనే ఆఖరి సంవత్సరం పిల్ల దొరికింది. బక్కపలచటి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. నోరు తెరవమని లైటు వేసింది. కింది పన్ను చూడబోయిన పిల్ల పైకి చూస్తూ ఉండిపోయింది. పక్కనున్న పిల్లను పిలిచింది. ఆ పిల్ల ఇంకొకరిని పిలిచింది. కాసేపటికి కుర్చీ చుట్టూ తెల్లకోట్లే. వాళ్ళ సారొచ్చి తనూ వంగి చూశాడు. అప్పలకొండమ్మ అంగిలి నిండా తెల్లటి మచ్చలు, వాటి మధ్య ఎర్రటి చుక్కలు. ఫొటోలు తీశారు. నొప్పి కిందుంటే వీళ్ళంతా పైన చూస్తారేమిటని ఆమెకు విసుగేసింది. అయితే పుట్టి బుద్ధెరిగాక తననింత శ్రద్ధగా ఎవరూ చూసింది లేదు. ఆ సంగతి కూడా ఆమె గమనించకపోలేదు.

వాపు తగ్గేదాకా మందులిచ్చి, తర్వాత సిరే పన్ను తీసింది. సూది గుచ్చేటప్పుడు "అమ్మమ్మా, నా చెయ్యి పట్టుకోండి" అంది. చీటీ డబ్బులు కూడా కట్టనివ్వలేదు. పన్ను తీసిన చోట దూది పెట్టి, బస్టాపు దాకా వచ్చి నిలబడింది. ఆ రాత్రి అప్పలకొండమ్మ పసిపిల్లలా నిద్రపోయింది. తెల్లారి లేచి, ఆ పిల్ల కడుపు చల్లగుండాలని దణ్ణం పెట్టుకుంది.

బస్టాపులో సిరి రెండు మాటలు చెప్పింది. చుట్ట మానెయ్యాలనీ, మానేస్తే మచ్చ నెమ్మదిగా పోతుందనీ, మానకపోతే క్యాన్సర్ అవ్వొచ్చనీ ఒకటి. వచ్చే నెల తనకు పరీక్ష ఉందనీ, అందులో చూపించాల్సింది ఈ మచ్చేననీ, తప్పకుండా రావాలనీ రెండోది. రెండూ నిజమే. రెండూ ఒక్క ఊపిరిలో చెప్పడమే ఆ పిల్ల చేసిన పొరపాటు. చదువుకున్న వాళ్ళు మాట అనేసి ఊరుకుంటారు, విన్నవాళ్ళు దాన్ని ఇంటికి తీసుకెళ్ళి ఆలోచిస్తారు.

పన్ను తీసిన చోటు పచ్చిగా ఉన్నన్నాళ్ళూ అప్పలకొండమ్మ చుట్ట ముట్టలేదు. ప్రాణం పోతుందనుకుంది, పోలేదు. బుజ్జి పొంగిపోయి మావిడి తాండ్ర తెచ్చిపెట్టింది. కానీ ఒకరోజు పొద్దున్న నాలుకతో అంగిలి తడుముకుంటే గరుకు తగ్గినట్టనిపించింది. మచ్చ పోతే ఆ పిల్ల ఏం చూపిస్తుంది? నొప్పి తీసినందుకు ఇదా తను చేసే ఉపకారం? ఆ సాయంత్రమే మరిడమ్మ ఇంటికెళ్ళి చుట్ట అడిగింది.

బుజ్జి చుట్టలు దాచింది, అలిగింది, ఏడ్చింది కూడా. క్యాన్సరన్న మాట వినలేదా అని నిలదీసింది.

"ఇన్నాను. యాబై ఏళ్ళు తాగినదానికి అవ్వనిది ఒక్క నెలలో అవుద్దేటి? ఆ పిల్ల నా నొప్పి తీసింది. దాని పరీక్ష నాను సెడగొట్టను," అంది అప్పలకొండమ్మ. పరీక్షయిన మర్నాటి నుంచి మానేస్తానని గంగమ్మ మీద ఒట్టేసింది. ఆ మాట నిజంగానే అంది. ఈలోగా పోయిన రోజుల లోటు తీర్చాలన్నట్టు, రోజుకు రెండు కట్టల చుట్టలు తాగింది.

పరీక్షనాడు ఉతికిన చీర కట్టి, తలకు నూనె రాసుకుని, కోడలిని వెంటబెట్టుకుని వెళ్ళింది. బయటి ఊరి నుంచి వచ్చిన పెద్దసారు ముందు సిరి ఇంగ్లీషులో గడగడా చెప్పుకుపోయింది. ఎంత బాగా చెబుతోందో అనుకుని అప్పలకొండమ్మ నోరు ఇంకాస్త పెద్దగా తెరిచింది. పెద్దసారు లైటు దగ్గరకు లాక్కుని వంగాడు. అంగిట్లో ఒకచోట వేలితో నొక్కి చూశాడు. సిరినీ నొక్కి చూడమన్నాడు. సిరి చూసింది. నెల కిందట ఫొటోల్లో లేని పుండు అక్కడుంది, దాని అంచులు గట్టిపడి ఉన్నాయి. ఇంగ్లీషు ఆగిపోయింది.

బయట వరండాలో సిరి ఆమె పక్కన కూర్చుంది. మానెయ్యమన్నాను కదా అమ్మమ్మా అంది.

"మానెత్తే మచ్చ పోతాదన్నావు గదమ్మా," అంది అప్పలకొండమ్మ. "నాలుగు రోజులు మానేను. తగ్గిపోతన్నట్టు అనిపించింది. మరి నీకెలగ? అందుకే మళ్ళీ మొదలెట్టేను. రోజుకి రెండు కట్టలు తాగేను, నీ కోసవే."

పుండులోంచి ఒక ముక్క కోసి ల్యాబుకు పంపడానికి ముసలామె సంతకం కావాలని లోపలి నుంచి ఎవరో సిరిని పిలుస్తున్నారు. సిరి లేవలేదు.

"ఏటమ్మా, మచ్చ సరిపోలేదా? పాసవ్వవా?" అని ముసలామె కంగారు పడింది.

సిరి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. పాసవుతానని తల ఊపింది.

అప్పలకొండమ్మ మొహం విప్పారింది. గోడకానుకుని నిలబడ్డ కోడలి వైపు తిరిగి, "సూసేవా, నాను సెప్పలేదా?" అంది.