అయిదో ముక్క

మధ్యాహ్నం అన్నాలు తిని గిన్నెలు బోర్లించాక అంజమ్మ బిందె చంకన పెట్టుకుని పైవాటాకు వెళ్ళేది. లలితకుమారి వరండాలో బల్ల కింద ఆ బిందె పెట్టి, చెంగుతో చేతులు తుడుచుకుని పేకాటకు కూర్చునేది. వనస్థలిపురంలో ఆ వీధికి కుళాయి నీళ్ళు ఎన్నడూ సరిగా వచ్చింది లేదు. సకల జనుల సమ్మె మొదలయ్యాక ట్యాంకర్లూ ఆగిపోయాయి. ఇక నీళ్ళకు పేకాటే దిక్కు.

లలితకుమారి లెక్కల టీచరుగా రిటైరైంది. భర్త బాపిరాజు కాకినాడ నుంచి ఓడలమీద తిరిగే రోజుల్లో పోకర్ నేర్చుకొచ్చాడు. ఆవిడ ఆయన దగ్గరే నేర్చుకుని, ఆయన్నే ఓడించి, చివరికి ముక్కలు పంచే ఉద్యోగంలో కూర్చోబెట్టింది. అంత ఘనురాలు. మనిషికి రెండు ముక్కలు చాటుగా పంచుతారు. బల్లమీద మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, చివర ఇంకొకటి. విడత విడతకూ పందెం కాయొచ్చు. ఆ చివరి ముక్కను రివర్ అంటారు, అంటే ఏరు. దాన్ని తిప్పగానే ముక్క కిందనుంచి నీళ్ళొస్తాయి. బల్ల అంచున బిందె పట్టుకోవాలి.

"బల్లమీది అయిదూ ఉమ్మడివి అంజమ్మా. నీకూ నాకూ ఇద్దరికీ పనికొస్తాయి" అని మొదటిరోజే చెప్పింది లలితకుమారి.

"ఉమ్మడా? గీ రోజులల్ల గా మాట జర మెల్లగ అను టీచరమ్మా. మా ఆయన ఎల్బీనగర్ టెంటుల కూసున్నడు, ఆడిదాంక ఇనబడ్తది."

లలితకుమారి నవ్వాపుకుంది. "అన్నిటికంటే పెద్దది ఆసు. ఆసు తెలుసుగా?"

"తెల్వకేంది! చిన్నప్పటిసంది పోస్తనే ఉన్న. రెక్కలు పడిపోయినయ్." అంజమ్మలాంటి పోచంపల్లి నేత ఆడవాళ్ళకు ఆసు అంటే చీర నూలు పోసే చట్రం. లలితకుమారి ముక్క తీసి చూపిస్తే అంజమ్మ మూతి విరిచింది. "గీ ఒక్క సుక్కదానికా గంత పేరు!"

చింతగింజలు పందెం కాస్తే చెంబెడు నీళ్ళు, బత్తాయిలు కాస్తే బిందెడు. ఉత్తుత్తి ఆటకు మాత్రం చుక్క రాదు. ఒకసారి నీళ్ళ కోసమే మొహమాటంగా ఆడితే బల్ల పొడిపొడిగా ఉండిపోయింది. ఇద్దరూ గెలవాలనే ఆడాలి, ఇద్దరూ చివరిదాకా ఉండాలి.

వచ్చిన చిక్కల్లా అక్కడే. అంజమ్మ ఉండదు. లలితకుమారి పందెం పెంచితే చాలు, "నేను పడేస్తున్న" అని ముక్కలు బోర్లించేది. ఇంట్లోనూ అంతే, మొగుడు బిక్షపతి గొంతు పెంచితే ఆమె గొంతు తగ్గిపోయేది. ఈమధ్య ఆ గొంతు మగ్గం గురించి లేచింది. "మళ్ళ రంగు ఖరాబైతే మగ్గం అమ్మేస్త. దిల్‌సుఖ్‌నగర్‌ల చీరల దుకాణంల పనికి పోత." అంజమ్మ కోసం ఆమె అయ్య దగ్గరుండి చేయించిన మగ్గం అది. 

ఒకరోజు అంజమ్మ నూలు రంగులోంచి తీసింది. వస్తానన్న ట్యాంకరు రాలేదు. వెంటనే బాగా కడగకపోతే ఎరుపు ముడులు కట్టిన తెల్లచోట్లకు పాకి పనంతా చెడిపోతుంది. "నేను జెప్పలే?" అని బిక్షపతి మగ్గం కొనేవాణ్ణి తోలుకురావడానికి వెళ్ళాడు.

అంజమ్మ బిందె కూడా తీసుకోకుండా మెట్లెక్కింది. "ఆడుదాం టీచరమ్మా. గింజలొద్దు."

"నేను తగ్గి ఆడను, తెలుసుగా?"

"తగ్గకు."

బాపిరాజు పంచాడు. అంజమ్మకు రెండూ ఏడూ వచ్చాయి, రంగు కూడా కలవలేదు; అంతకంటే చెత్త చెయ్యి ఉండదు. బల్లమీది మూడూ ఆమెకు పనికిరాలేదు. పంచాక ఒకసారి, మూడూ తెరిచాక ఒకసారి, ఇద్దరూ పందెం కాయకుండా దాటేశారు. నాలుగోది తెరవగానే లలితకుమారి చేతి బంగారు గాజులు తీసి బల్లమీద పెట్టింది. పడేస్తున్న అనే మాట అంజమ్మ నాలుక చివరిదాకా వచ్చింది.

"నా మగ్గం" అంది.

బాపిరాజు కళ్ళజోడు సర్దుకున్నాడు. లలితకుమారి సూటిగా చూసింది. "నీళ్ళ కోసమా, గెలవడానికా?"

"గా గాజులు నా చేతికి పడ్తయా లేదా అని చూస్తున్న."

లలితకుమారి మెడలో గొలుసు తీసి గాజులమీద వేసింది. బాపిరాజు అయిదో ముక్క తిప్పాడు.

ఏరు వచ్చింది. బల్ల దాటి, వరండా దాటి, మెట్లమీదుగా వాకిట్లోకి దూకింది. వీధిలో ఆడవాళ్ళు బిందెలతో పరుగెత్తుకొచ్చారు. అంజమ్మ ముక్కలు పడెయ్యకుండా బల్లమీదే ఉంచి కిందికి దిగి, కడిగిన నీళ్ళలో రంగు కనబడకుండా పోయేదాకా నూలు జాడించింది. తెలుపు తెల్లగా నిలిచింది. తడిచీరతో తిరిగొచ్చి కూర్చుని ముక్కలు తెరిచింది.

లలితకుమారివి రెండు ఆసులు.

"ఈ రెండూ ఏడూ పెట్టుకునా అంతసేపు నా కళ్ళలోకి చూశావు! తల్లీ, ఇన్నేళ్ళలో ఇంత గుండెగల మనిషిని చూడలేదు" అని లలితకుమారి ఆమె తడిచేతులు పట్టుకుంది. "కానీ గెలిచింది నేను. మగ్గం నాది."

"నీదే" అంది అంజమ్మ. ఏడుపొచ్చింది. నూలు దక్కింది, మగ్గం పోయింది.

అప్పుడే వాకిట్లో ట్రాలీ ఆటో ఆగింది. బిక్షపతి, మగ్గం కొనేవాడు దిగారు.

"మగ్గం ముట్టుకోకండి బిక్షపతిగారూ, అది నాది" అంటూ లలితకుమారి మెట్లు దిగింది.

"నీదెట్లయితది టీచరమ్మా?"

"పందెంలో గెలిచాను."

బిక్షపతి భార్యవైపు తిరిగాడు. అంజమ్మ తల వంచలేదు. "మా అయ్య ఇచ్చిన మగ్గం. నేనే కాసిన, నేనే ఓడిన."

కొనేవాడు తగాదా మగ్గం తనకొద్దని ఆటో ఎక్కేశాడు. బిక్షపతి తీగమీద ఆరుతున్న నూలు చూశాడు. రంగు ఎక్కడా పాకలేదు. అతని గొంతు దిగింది.

"మరి మగ్గం పైకి తీస్కపోతవా?"

"నాకు నెయ్యడం రాదు. అది అక్కడే ఉంటుంది, అంజమ్మే నేస్తుంది. ఆమెను దానిమీంచి లేపాలనుకుంటే ముందు నాతో ఒక ఆట ఆడండి."

బిక్షపతి తీగమీది నూలు కొసలు సర్దాడు.

"నాకు పత్తాలాట రాదు" అన్నాడు.