రేడియేటర్లో నల్లపొడి

గాలివానకు కరెంటు స్తంభాలు కూలి ఆరు రోజులయింది. కుందుర్పి దగ్గరి ఆ ఊళ్లో నీళ్లున్న బోరు ఒక్కటే. దాని మోటారుకు ఇప్పుడు దిక్కు పంచాయతీ డీజిల్ జనరేటరు. అదేమో అరగంట తిరిగితే సెగలు కక్కి ఆగిపోతోంది. మళ్లీ చల్లారేసరికి మూడు గంటలు. బిందెల వరుస తరగడం లేదు.

జనరేటరు నడిపే జయరాజు కూతురు సువార్త అనంతపురంలో పరిశోధన చేస్తోంది. కంటికి ఆననంత సన్నటి రాగి ఆక్సైడు పొడిని నీళ్లలో తేలేట్టు కలిపితే, ఆ నీళ్లు వేడిని చురుగ్గా లాగుతాయి. ఎంత చురుగ్గానో నాలుగేళ్లుగా కొలుస్తోంది. ఫోన్లో తండ్రి గొంతు విని ఉండబట్టలేక, ల్యాబులోని రెండు క్యాన్లూ పట్టుకుని బస్సెక్కింది.

"ఇది రేడియేటర్లో పోస్తే ఆగకుండా తిరుగుతాదా పాపా?"

"తిరుగుతాది నాయనా."

అరవై డిగ్రీలు దాటి తానెప్పుడూ పరీక్షించలేదని మాత్రం చెప్పలేదు.

మొదటి విడత ముప్పావుగంట తిరిగింది. రెండో విడత పది నిమిషాలకే పొగలు. చల్లారాక జయరాజు రేడియేటరు విప్పితే, సన్నటి గొట్టాల నిండా నల్లటి బురద. పొడి రేణువులు విడివిడిగా ఉండేందుకు నీళ్లలో కలిపిన మందు ఆ వేడికి చెడిపోయింది. అవి ఒకదానికొకటి అతుక్కుని గడ్డకట్టి దారి మూసేశాయి. నీళ్లే కదలకపోతే వేడిని మోసుకుపోయేదెవరు?

"ఏమాయె?" అంది వరుసలోని నల్లమ్మ. ఆమె కోడలు ఐదు రోజుల బాలింత.

సువార్త చేతిలోని ఖాళీ క్యాను కింద పెట్టింది. "తప్పు నాదే అవ్వా. ఇంత వేడికి ఇది పనికొస్తాదో లేదో నేను చూసిందే లేదు. తెలిసి కూడా చెప్పలా."

"ఇప్పుడేం చేయల్ల?"

"గొట్టాలు కడగల్ల. నీళ్లు కావల్ల."

"నీళ్లకొచ్చినోళ్లను నీళ్లడుగుతాండావా?" అన్నారెవరో వెనక నుంచి.

నల్లమ్మ ఇంటికి పోయి అరబిందె తెచ్చింది. ఆమెను చూసి ఇంకో ఐదుగురు కదిలారు. నాలుగుసార్లు కడిగితే గొట్టాలు తేటపడ్డాయి. కింద మడుగు కట్టిన నల్లనీళ్లు తాగబోయిన మేకలను జయరాజు అదిలిస్తూనే ఉన్నాడు. కూతురివైపు మాత్రం చూడలేదు.

పొద్దు వాలే వేళకు జనరేటరు మళ్లీ తిరిగింది, ఎప్పటిలాగే అరగంట. నల్లమ్మ వంతు రాకముందే ఆగిపోయింది.

తెల్లవారి బస్సులో నల్లమ్మ కోడలు పసిబిడ్డను పొదువుకుని గుంతకల్లులోని పుట్టింటికి బయల్దేరింది. రెండు సీట్ల వెనక సువార్త ఖాళీ క్యాన్లు కాళ్ల దగ్గర పెట్టుకుని కూర్చుంది. అనంతపురం దాకా బిడ్డ ఏడుస్తూనే ఉన్నాడు.