టీవీ పక్కన పీట

"ఇందులో చెడ్డది ఒక్కటి కూడా రాదే. దగ్గరుండి చేయించేను," అంటూ మా ఆయన కొత్త ఫోను డబ్బా తెచ్చి వంటింటి గుమ్మం దగ్గర పెట్టారు. నేనప్పుడు పెండలం చెక్కు తీస్తున్నాను. రెండువేల పదో సంవత్సరం, కార్తీకమాసం. రాజమండ్రిలో నర్సింగు చదువుతున్న మా దుర్గ రెండు రోజుల సెలవుకి కొత్తపేట వచ్చింది. వేలితో తాకితే బొమ్మలు కదిలే ఫోను కావాలని అది ఏడాదిగా అడుగుతోంది. చదువుకి పనికొస్తుందంటే ఈయన చివరికి ఒప్పుకున్నారు, కానీ ఊరికే కొనలేదు. అమలాపురంలో అనిల్ కుమార్ అనే కుర్రాడి సెల్ షాపులో మధ్యాహ్నమంతా కూర్చుని మరీ తెచ్చారు.

"యాడ్లూ, పిచ్చి సైట్లూ రాకుండా చెయ్యాలంటే రెండు రకాలంట. రూట్ చెయ్యకుండా, అంటే ఫోను లోపల కంపెనీవాడు వేసిన కట్లు తెంపకుండా అయితే పైపైన ఆపుద్దండీ, కొన్ని వచ్చేస్తాయండీ అన్నాడు. రూట్ చేస్తే లోపలికంటా వెళ్ళి మొత్తం ఆపేస్తానండీ, కాకపోతే వారంటీ పోద్దండీ అన్నాడు. వారంటీ పోతే పోనీవయ్యా, ఆడపిల్ల చేతికిచ్చేది, నువ్వు లోపలికంటా వెళ్ళిపో అన్నాను," అని నవ్వారు. తర్వాత గొంతు తగ్గించి, "దీనికో తాళం మాట ఉంది. నీకే చెప్తాను, దానికి చెప్పకు. పనికొచ్చేదేదైనా ఆగిపోతే ఇంటికొచ్చినప్పుడు నిన్నడుగుద్ది. నువ్వు చూసి, మంచిదైతే తియ్యి," అన్నారు.

నేను తల ఊపాను.

"మన టీవీలో మాత్రం? ఇన్నేళ్ళలో మన హాల్లో ఒక్క చెడ్డ యాడ్ వచ్చిందా?"

"రాలేదండి," అన్నాను.

పెండలం ముక్కలు నీళ్ళలో వేసి లేవబోతే నడుం పట్టేసింది. లేవాలంటే భయంగా కూడా ఉంది ఆ రోజుల్లో. వినాయకచవితి వెళ్ళిన దగ్గర్నించీ నాకు నెలసరి ఒక పద్ధతిలో లేదు. వస్తే ఆగదు. ఆగిందనుకుని తలస్నానం చేసి దేవుడి గదిలోకి వెళ్ళబోతే మళ్ళీ మొదలు. ఆ నాలుగు రోజులూ మినహాయిస్తే, పెళ్ళయిన నాటినుంచి కార్తీకంలో నేను దీపం పెట్టని రోజు లేదు. పలివెల స్వామి గుడికి సోమవారాలు నడిచి వెళ్ళేదాన్ని. ఆ ఏడు నా వత్తులు నా డబ్బాలోనే ఉండిపోయాయి. మా అత్తగారు బుచ్చమ్మగారు వణికే చేతుల్తో తనే దీపం పెడుతూ, "ఈ వయసులో అందరికీ ఉండేదేనే. ఆగేటప్పుడు అదే ఆగుద్ది. మగాళ్ళ దగ్గర ఈ గొడవలెందుకు," అనేవారు. సరే అనుకున్నాను. ఇంకెవరిని అడగాలో, అసలు ఏమని అడగాలో నాకు తెలియలేదు. ఒంట్లో ఎక్కడ ఏం జరుగుతోందో చెప్పుకోవడానికి నా దగ్గర మాటలు కూడా లేవు.

ఆయన అడిగిన ప్రశ్న మాత్రం పని చేసుకుంటున్నంతసేపూ నా బుర్రలో తిరుగుతూనే ఉంది. మా హాల్లో చెడ్డ యాడ్ ఎందుకు రాలేదు? వస్తే నేను ఆపేదాన్ని కాబట్టి రాలేదు.

నేను కాపురానికి వచ్చేటప్పటికి ఆ వీధిలో టీవీ మా ఇంట్లోనే ఉండేది. నలుపూ తెలుపూ పెట్టె, పక్కన గుండ్రటి మీట. శనివారం సాయంత్రం తెలుగు సినిమా వచ్చిందంటే ఎవరూ పిలవకుండానే హాలు నిండిపోయేది. చుట్టుపక్కల ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో వేసుకుని వచ్చేవారు. వెనకింటి యేసురత్నం టీచరుగారు తన కుర్చీ తనే తెచ్చుకునేవారు. బొమ్మ చెదిరితే ఎవరో ఒకరు డాబా ఎక్కి యాంటెన్నా తిప్పుతూ "వచ్చిందా?" అని పైనుంచి కేక. "రాలేదు, కొంచెం లంక వైపు తిప్పు!" అని కిందనుంచి కేక. వేయించిన వేరుశనగకాయల వాసన, కిటికీలోంచి కాలవ గాలి, కరెంటు పోతే అందరూ ఒక్కసారి "హోరి!" అనడం. ఇప్పుడు తలుచుకున్నా ఆ సాయంత్రాలంటే నాకు ఇష్టమే. అబద్ధం చెప్పడం ఎందుకు.

అందులో నా చోటు టీవీ పక్కన. ఎదురుగా కాదు, పక్కన. మా మావగారు సూరయ్యగారు పడక్కుర్చీలో, మా ఆయన మంచం మీద, మిగతావాళ్ళు చాపల మీద. టీవీ బల్లని ఆనుకుని ఒక పీట, పీట ముందు రాత్రి కూరకి కావలసిన కాయలు, కత్తిపీట. అక్కడినుంచి నాకు సినిమా అంతా ఓరగా కనిపించేది. ఆ కాలం హీరోలందరూ నాకు సన్నగా, పొడుగ్గా, కొబ్బరి ఈనెల్లా గుర్తున్నారు. హీరోయిన్లకి ఒకటే చెంప.

ఆ పీట మీద నన్నెవరూ కట్టేసి కూర్చోబెట్టలేదు. వచ్చిన కొత్తలో ఒకసారి సినిమా మధ్యలో ఒక ప్రకటన వచ్చింది. మావగారు గట్టిగా దగ్గారు. అత్తగారు కంగారుగా, "అమ్మాయ్, సౌండు తగ్గించు, సౌండు తగ్గించు!" అన్నారు. నేను చాప మీదనుంచి లేచి అందర్నీ దాటుకుని వెళ్ళి మీట తిప్పేలోపు అది అయిపోయింది. "రేపట్నించి ఆ పక్కనే కూచోమ్మా, చేతికందుద్ది," అన్నారు అత్తగారు. ఎంతో ఆప్యాయంగానే అన్నారు. అంతే, నా చోటు కుదిరిపోయింది. తర్వాత తర్వాత మావగారు దగ్గాల్సిన పని కూడా లేకపోయింది. ఆ ప్రకటనల పాట మొదటి ముక్క వినగానే నాకు తెలిసిపోయేది. వంకాయ తరుగుతున్న చెయ్యి తరుగుతూనే ఉండేది, రెండో చెయ్యి మీట దగ్గరికి వెళ్ళేది. సంతాన నియంత్రణదీ, బనీన్లదీ, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ తెల్ల దిండులాంటి దాని మీద గాజు గొట్టంతో నీళ్ళు పోసేదీ.

నిజం చెప్పాలంటే అదేమిటో నాకు తెలియదు. ఒక్కనాడు కూడా చివరిదాకా చూడలేదు కదా! పోసే నీళ్ళు సిరాలా ఉండేవి. బడిపిల్లల బట్టల మీద సిరా ఒలికితే అద్దుకునే దూది అనుకున్నాను. సిరా యాడ్‌కి మావగారు ఎందుకు దగ్గుతారో మాత్రం అర్థమయ్యేది కాదు. ఒకరోజు పెరట్లో ఉండబట్టలేక అడిగేశాను.

"అత్తయ్యగారూ, ఆ దూది యాడ్‌లో తప్పేవుందండీ?"

"ఏవో నాకేం తెలుసే! మీ మావగారికి తెలుసు," అన్నారావిడ.

గోడ అవతల బట్టలు ఆరేస్తున్న యేసురత్నం టీచరుగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకున్నారు. "అయ్యో భవానమ్మా, సిరా కాదమ్మా. అది మనకేనమ్మా! నెలనెలా మనం పాతచీరలు చింపుకుంటాం కదా, దాని బదులు," అన్నారు. నేనూ అత్తగారూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అత్తగారు ముందు తేరుకుని, "అయితే మరీ ఆపాలి," అన్నారు.

ఆ మాటకి అప్పుడు నేనూ నవ్వాను. కానీ ఆ రాత్రి అన్నాలు వడ్డిస్తుంటే ఒకటే ఆలోచన. దడి అవతల, పాత లంగా కింద దాచి, ఎండ సరిగా తగలకుండా ఆరేసుకునే నా గుడ్డలు గుర్తొచ్చాయి. వానాకాలంలో ఆరక, ఆ తడివే కట్టుకుని ఒరుసుకుపోయిన తొడలు గుర్తొచ్చాయి. ఆ హాల్లో కూర్చున్నవాళ్ళలో ఆ ప్రకటన ఎవరికోసమో వాళ్ళకి తప్ప అందరికీ తెలిసినట్టుంది. ఒక్కసారి చివరిదాకా చూడాలనిపించింది. చూడలేదు. మీట నా చేతిలోనే ఉండేది, కానీ తిప్పమనే నోరు నాది కాదు కదా.

తర్వాత రంగుల టీవీ వచ్చింది, దానితో రిమోట్ వచ్చింది. ఇక నన్ను పీట మీదనుంచి లేవనిస్తారనుకున్నాను. రిమోట్ మావగారి చేతికి వెళ్ళింది, పని మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. ఆయనకి దాని మీద ఏది దేనికో తెలిసేది కాదు.

రెండువేల మూడులో మా దుర్గ పెద్దమనిషి అయింది. మా ఇంట్లో ఆ తరానికి ఒక్కతే ఆడపిల్ల. మా ఆయన కార్డులు అచ్చువేయించారు, పందిరి వేయించారు, మైకు పెట్టించారు. నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచి దంచి నా చేతులు బొబ్బలెక్కాయి. పట్టుబట్టలు కట్టి దుర్గని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాం. బయట మైకులో మా చిన్నమావగారు, "మన సూరయ్యగారి మనవరాలు చిరంజీవి వెంకటదుర్గ పుష్పవతి అయిన సందర్భంగా విచ్చేసిన బంధుమిత్రులందరికీ..." అని చెబుతుంటే కాలవ అవతల గట్టుకి వినిపిస్తోంది. హాల్లో మగవాళ్ళు క్రికెట్ చూస్తున్నారు. ఓవరుకీ ఓవరుకీ మధ్య అదే ప్రకటన వచ్చింది. మావగారు కంగారులో ఏది నొక్కారో, సౌండు తగ్గడానికి బదులు పెరిగింది. ఇంకోటి నొక్కితే ఇంకా పెరిగింది. "భవానీ! ఏవే భవానీ!" అని ఇంటిల్లిపాదీ కేకలు. పసుపు చేతులతో వంటల దగ్గరనుంచి పరిగెత్తుకొచ్చి స్విచ్చి దగ్గరే కట్టేశాను.

"సెంచరీ కొట్టేత్తుంటే కట్టేసేవేంటి వదినా!" అని ఎవరో అన్నారు. మా ఆయన పెద్దమ్మ మాత్రం, "అదండీ మా భవానంటే. ఇంటికి అలాంటి పిల్లొకత్తి ఉండాల," అని మెచ్చుకున్నారు. నాకు సంతోషం వేసింది కూడాను. అప్పుడు కుర్చీలోంచి దుర్గ అడిగింది:

"ఎందుకమ్మా కట్టేసేవు? చిన్నతాతయ్య మైకులో చెప్తున్నది కూడా అదే కదా?"

ఎవరో టీవీ మళ్ళీ పెట్టమన్నారు.  నేను పందిట్లోకి నడిచాను. భోజనాల రెండో బంతి లేస్తోంది, ఆకులు తియ్యాలి.

ఆ రోజునుంచి నేను దేవుణ్ణి ఒకటే అడుగుతూ వచ్చాను. ఊరంతా పిలిచి అన్నం పెట్టి చెప్పుకునే మంగళం మర్నాటినుంచి మైల ఎలా అవుతుంది స్వామీ అని.  నాకు అమ్మవారు కూడా ఆడదే కదా అనిపించేది. అలా అనుకోవడం తప్పయితే క్షమించమని దణ్ణం పెట్టుకునేదాన్ని.

మావగారు పోయారు. ఇదిగో, ఇప్పుడు కొత్త ఫోను. మధ్యాహ్నం భోజనాలయ్యాక మా ఆయన, దుర్గ హాల్లో కూర్చున్నారు. అత్తగారు కునుకు తీస్తున్నారు. దుర్గ ఫోనులో ఏదో తెరవబోయింది. గుండ్రంగా తిరిగి తిరిగి, పాఠం బదులు అడ్డంగా చాచిన ఎర్రటి చెయ్యి బొమ్మ వచ్చింది.

"నాన్నా! ఇది మా పాఠం నాన్నా! సోమవారం పరీక్ష."

"ఏం పాఠం?"

"గర్భసంచి జబ్బులు."

మా ఆయన టీవీ వైపు తిరిగిపోయారు. "అమ్మ నడుగు. అమ్మ చూసి తీస్తుంది," అని కండువా దులిపి వీధిలోకి వెళ్ళిపోయారు.

దుర్గ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టి, తాళం మాట తనకి కనపడకూడదని మర్యాదగా మొహం గోడ వైపు తిప్పుకుంది. పంతొమ్మిదేళ్ళ పిల్ల. రేపు ఆసుపత్రిలో ఎంతమందికి పురుళ్ళు పోసే పిల్ల. అది అలా గోడ చూస్తూ నిలబడితే నా వేలు ముందుకి పోలేదు.

"ఇటు తిరుగు," అన్నాను. "నొక్కడం నాకు సరిగా రాదు. చెప్తాను, నువ్వే కొట్టు."

"నాకు చెప్పొద్దన్నారుగా నాన్న?"

"ఆయ్, అన్నారు. కొట్టు."

చెప్పాను. ఎర్ర చెయ్యి పోయింది. పిచ్చి పిచ్చి యాడ్లు ఆగడం మంచిదే, ఆగనీ. అవి ఏవో, ఎప్పుడు తియ్యాలో, ఎప్పుడు మూయాలో ఇకనుంచి దుర్గే చూసుకుంటుంది. బొమ్మ నెమ్మదిగా పైనుంచి కిందకి దిగింది. దుర్గ ఫోను నా ఎదురుగా పట్టుకుంది. గులాబిరంగులో, బోర్లించిన బొప్పాయి కాయలా ఉంది. నలభై రెండేళ్ళు నాలో ఉన్న దాన్ని నేను మొదటిసారి చూశాను. దుర్గ ఇంగ్లీషులో ఉన్నది ఒక్కో ముక్కా తెలుగు చేసి చెప్పింది. "ఇదిగో, ఇక్కడ గడ్డలు కడితే నెలసరి ఆగదమ్మా. రక్తం తగ్గిపోద్ది, నడుం లాగేస్తది, నాలుగడుగులేస్తే ఆయాసం..." అంటూ అంటూ ఆగిపోయింది. నా మొహం చూసింది. పాలిపోయిన నా గోళ్ళు చూసింది.

"అమ్మా, ఎప్పట్నించి?"

"చవితి దగ్గర్నించి."

అది నన్ను తిట్టలేదు. నా చెయ్యి తీసుకుని నాడి పట్టుకుని గోడ గడియారం వంక చూస్తూ కూర్చుంది. దాని పెదవులు లెక్కపెడుతున్నాయి, కళ్ళు నిండుతున్నాయి. "చాలామందికి నయమైపోద్దమ్మా. కానీ చూడాలి. మా ఆసుపత్రిలో లేడీ డాక్టరుగారున్నారు," అంది.

చీకటి పడే వేళకి మా ఆయన తిరిగొచ్చారు. అత్తగారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ మంచం మీద కూర్చున్నారు. నేను హాలు మధ్యకి వచ్చి నిలబడ్డాను.

"ఏవండీ, రేపు పొద్దున్న బస్సుకి దుర్గతో రాజమండ్రి వెళ్తున్నానండి. నాకు మూడు నెలల్నించి రక్తస్రావం ఆగట్లేదు. గర్భసంచి పరీక్ష చేయించుకోవాలి."

ఆ మాటలు నా నోటినుంచి ఎంత మామూలుగా వచ్చాయో! అత్తగారు మొహం కొంగులో దాచుకున్నారు. మా ఆయన కండువా తీసి మడత పెట్టారు. నాతో ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో అనుకున్నాను. అడుగుదామనే అనుకున్నారేమో కూడా.

"ఎన్నాళ్ళవుతుందే?" అన్నారు.

"తెలీదండి. ఆపరేషనంటే ఉండాలి."

"మరి ఇల్లు? అమ్మకి వేణ్ణీళ్ళూ, వంటా, గేదె... ఇదంతా ఎవరు చూస్తారే?"

ఇన్నేళ్ళుగా ఏ ఊరు బయల్దేరినా ఆ ప్రశ్నకి జవాబు ముందే వండి, రుబ్బి, మూతలు పెట్టి మరీ బయల్దేరేదాన్ని. నోటి దాకా వచ్చింది కూడా. పిండి రుబ్బి పెడతానండి, పక్కింటామెకి చెప్పి వెళ్తానండి అని. కానీ అడిగినవారు ఆయన, ఇల్లు ఆయనది, తల్లి ఆయన తల్లి. ఆ జవాబు ఆయన్నే వెతుక్కోనిచ్చి, నేను లోపలికి వెళ్ళి సంచిలో చీరలు సర్దుకున్నాను.