కుర్చీకి తగిలించిన గొడుగు

మా ఆఫీసులో మనిషి ఉన్నాడనడానికి మనిషే ఉండనక్కర్లేదు. కుర్చీకి నా గొడుగు వేలాడుతుంటే శివరామకృష్ణగారు ఇప్పుడే టీకి వెళ్లారని అర్థం. పదకొండేళ్లలో ఆ గొడుగు ఒక్క సెలవు పెట్టలేదు. నా సెలవులు మాత్రం క్రికెట్టు ప్రపంచకప్‌కే అయిపోయాయి.

అది రెండు వేల మూడు. వానాకాలం మొదట్లో మా ఆవిడ భ్రమరాంబ బాత్రూంలో జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. మూడు నెలలు పిండికట్టు. ఇల్లు మధురవాడలో, ఆఫీసు పూర్ణా మార్కెట్ దగ్గర. మధ్యాహ్నం ఆవిడకి అన్నం పెట్టడానికి రెండు బస్సులు మారి వెళ్తే, తిరిగి రావడానికి ఒళ్లు వంగేది కాదు. అటెండరు గురువమ్మ మూడింటికి నా గొడుగును కుర్చీకి ఎడమ పక్క నుంచి కుడి పక్కకి మార్చేది, నేను వచ్చి వెళ్లినట్టు.

ఈ దొంగబతుకు నాకే సిగ్గనిపించింది. సరిగ్గా అప్పుడే ఒక సర్క్యులర్ వచ్చింది. సొంత కంప్యూటర్ ఉన్నవాళ్లు ఆర్నెల్లపాటు ఇంటి నుంచే పాత రిజిస్టర్లు ఎక్కించవచ్చట. దరఖాస్తు మా ఆఫీసు నోటుతో నెలాఖరులోగా పై ఆఫీసుకి చేరాలి. చదువుతుంటే నిజంగా కళ్లు చెమర్చాయి. పాత ఊళ్లో ఇద్రీస్ భాయ్ కొట్లో పాత కంప్యూటర్ కొన్నాను. నేను సీట్లో లేకపోయినా పని ఆగదని మూడు పేజీల దరఖాస్తు రాసి ఇచ్చాను.

ఇక దాని వెంటపడ్డాను. పొద్దున్నే గొడుగు తగిలించడం, సూపరింటెండెంటు గదికీ, తపాలా సెక్షనుకీ, మేడమీద ఆఫీసరు పీఏ దగ్గరికీ తిరగడం. సిబ్బంది దరఖాస్తులు చూసే సన్యాసిరాజు మెడికల్ లీవులో ఉన్నాడు. ఆయన పని ఎవరికి అప్పగించారో ఆ గుమాస్తా దగ్గరే ఆగిందన్నారు. ఎవరో కనుక్కోకుండానే క్యాంటీన్‌లో వాణ్ణి కసితీరా తిట్టాను. ఇలాంటివాళ్ల వల్లే ప్రభుత్వానికి చెడ్డపేరని కూడా అన్నాను. ఆ తర్వాత బస్సెక్కేశాను.

ఒకటో తారీఖున, తిరగడానికి గదులు మిగలక, నా సీట్లో కూర్చున్నాను. బల్ల మీద కాగితాల కట్ట. అన్నిటికంటే పైన సన్యాసిరాజు పని నాకు అప్పగించిన ఉత్తర్వు. దాని కింద నా దరఖాస్తు.

"రోజూ మీ బల్ల మీదే పెడతన్నాను బాబూ," అంది గురువమ్మ. "గొడుగుంది కదా, సూసేరనుకున్నాను."

నోటు నేనే రాశాను. గడువు దాటినందున దరఖాస్తు తిరస్కరించవచ్చును, జాప్యానికి సంబంధిత గుమాస్తా సంజాయిషీ కోరవచ్చును. సాయంత్రానికి మెమో చేతికొచ్చింది. ఇకమీదట అయిదింటిదాకా సీటు వదలకూడదట.

ఇంటికెళ్లి భ్రమరాంబకి దాచకుండా అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"ఆ గొడుగు నాకొదిలీసెళ్లండి," అంది. "వంటింటి దాకా ఊతకైనా ఉంటాది."

మర్నాడు వానలో తడిసి ఆఫీసుకెళ్లాను. మధ్యాహ్నమంతా, ఆవిడ అన్నం తిన్నదో లేదో అనుకుంటూ, నా కుర్చీలో నేనే కూర్చున్నాను.