ఈ ఇంట్లో ఎవులూ నేరు

డెన్మార్క్ దేశస్థుడొకడు మన దేశంలో ఉండాలా, పెట్టె సర్దుకుని పోవాలా అన్నది తేల్చినవాణ్ణి నేను. ఢిల్లీవాళ్ళు కాదు, భువనేశ్వర్‌వాళ్ళు కాదు. గంజాం ఎలిమెంటరీ బడిలో అయిదు దాకా చదివి, ఉప్పు వ్యాపారంలో తల నెరిసిన నేను. నేను సంతకం పెట్టాను కాబట్టి ఉన్నాడు. అయితే ఈ కథ నాది కాదు, గంగన్నది. నా గొప్ప కాసేపు పక్కన పెడతాను.

ఆ పొద్దున మా వంటమనిషి గంగన్న గంజాం ఇంటి పెరట్లో కత్తిపీట ముందు కూర్చుని కానాగంతలు కోస్తున్నాడు. చేప జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుంటాడు. మోచేతుల దాకా పొలుసులు అంటుకుని ఎండకు మెరుస్తుంటాయి. పొట్టి మనిషి. మెడ లేదు, తల నేరుగా భుజాల మీద పెట్టినట్టుంటుంది. కుడికన్ను ఎప్పుడూ కాస్త మూసుకునే ఉంటుంది, పొయ్యి పొగ అలవాటయిపోయి. గ్యాస్ వచ్చి ఎన్నేళ్ళయినా ఆ కన్ను తెరుచుకోలేదు. ఒక్కొక్క చేపనూ ఎత్తి, వాసన చూసి, తనలో తాను ఏదో అనుకుని గిన్నెలో వేస్తాడు. ఏమనుకుంటాడో చేపకు తెలియాలి.

అతనిది పొడంపేట. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఉన్న పల్లె. ఒడియావాళ్ళు నోలియాలంటారే, ఆ తెలుగు జాలరులు. తాతలు, తండ్రులు పడవ మీదే పుట్టి పడవ మీదే పోయినవాళ్ళు. గంగన్నకు మాత్రం సముద్రం పడదు. అల దాటేలోపు కడుపులో ఉన్నదంతా బయటికొస్తుంది. కుర్రతనంలో వాళ్ళయ్య ఎన్నిసార్లు ఎక్కించాడో అన్నిసార్లూ పడవ కడిగించాడు. ఒడ్డున ఇసుక మీద నిలబడి దూరంగా నీళ్ళు చూసినా కక్కేవాడని పల్లెలో అంటారు. అది నేను నమ్మను, కానీ చెప్పడం మానను.

ఒకరోజు వాళ్ళయ్య ఒక మనిషి తక్కువగా చేపల వేటకు వెళ్ళాడు. తక్కువైన ఆ మనిషి గంగన్న. పడవ బోల్తాపడి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. తండ్రి రాలేదు. ఎవరూ గంగన్నను ఒక్క మాట అనలేదు. అననందుకే అతను పల్లె విడిచి మా గంజాం ఇంటికి వచ్చి, వంటింట్లో చేరాడు. పెళ్ళి చేసుకున్నాడు. ఆమె కామెర్లతో పోయింది. తరవాత వాళ్ళ ఇల్లున్న వరస మొత్తం సముద్రంలో కలిసిపోయింది. ఇప్పుడు అతనికి ఊరంటే, ఆ వైపుకు తిరిగి దణ్ణం పెట్టుకోవడానికి ఒక దిక్కు.

నేను బరంపురానికి కాపురం మార్చాక ఆ ఇంటికి గంగన్నే కాపలా. అప్పుడొచ్చాడు అద్దెకు, ఆ డెన్మార్క్ మనిషి నీల్స్. గంగన్న నోట్లో అతను నీలంబాబు అయ్యాడు. సముద్రం ఒడ్డును తినకుండా ఆపడం అతని చదువు. ఈ పని తెలిసినవాడు మన దేశంలో దొరకడని అతన్ని పిలిపించిన కంపెనీ రాసిచ్చింది. అలా రాసిస్తేనే పై దేశపు నిపుణుడికి ఇక్కడ ఉద్యోగం చేసుకునే వీసా ఇస్తారు. దేశం మొత్తంలో లేని మనిషి మా ఇంట్లో బనియనుతో తిరిగేవాడు. వచ్చాక ఎక్కడ ఉంటున్నాడో పోలీసులకు చెప్పాలి. ఏటేటా ఉండే అనుమతి పొడిగించుకోవాలి. ఆ పొడిగింపుకు ముందు పోలీసు ఇంటికి వచ్చి, మనిషి నిజంగా ఉన్నాడా అని చూసిపోతాడు.

పొడంపేటలో మిగిలిన చివరి వరస ఇళ్ళ ముందు నీల్స్ పెద్ద పెద్ద గుడ్డ సంచుల్లో ఇసుక నింపించి గోడలా పేర్పించాడు. ఆ గోడ ఒక్క వానాకాలం నిలబడితే చాలు, తీరం పొడుగునా కట్టొచ్చు. నిలబడకపోతే ఎక్కడ జారిందో దగ్గరుండి చూడాలి. అందుకని ఇంకో ఏడాది అనుమతి కావాలి. ఉన్నది వానాకాలానికి ముందే ముగుస్తుంది. అతనికి కావలసింది ఆ ఒక్క వానాకాలం.

మొదటి నెలల్లో నీల్స్ బల్ల దగ్గర తినేవాడు, గంగన్న వంటింటి గడప అవతల నిలబడేవాడు. మా ఇంట్లో అలవాటు అది. నీల్స్ రోజూ ఎదుటి కుర్చీ లాగి చూపించేవాడు. గంగన్న రోజూ చేతులు తుడుచుకుని నవ్వేవాడు. ఒకరోజు నీల్స్ తన ఊళ్ళో సంగతి చెప్పాడు. ఆ ఊరి గుడి సముద్రం అంచుకు వచ్చేసిందట. పడిపోకముందే జనమే రాయి రాయి ఊడదీసి లోపలికి మోసుకుపోయారట. అగ్గిపుల్లలతో గుడి కట్టి, ఊడదీసి చూపించాడు. గంగన్న చాలాసేపు ఆ పుల్లల వంక చూసి, కుర్చీలో కూర్చున్నాడు. అప్పటినుంచి ఇద్దరూ ఎదురెదురుగా తినేవారు. నేను ఎప్పుడైనా వెళ్తే మాత్రం గంగన్న మళ్ళీ గడప అవతలికి పోయేవాడు. అప్పుడు నీల్స్ తన కంచం ఎత్తుకుని గడప మీద కూర్చునేవాడు. నేనొక్కణ్ణే బల్ల దగ్గర వడ్డన లేని పెళ్ళివారిలా ఉండేవాణ్ణి.

ఆ పొద్దున చేపలు కోస్తుండగా మోటారుసైకిలు వచ్చి ఆగింది. మామూలు చొక్కా, మామూలు ప్యాంటు. కానీ కాళ్ళకు పోలీసుల ఎర్ర బూట్లు. గంగన్న ముందు బూట్లే చూశాడు. గుమ్మం పక్కన నీల్స్ రబ్బరు జోళ్ళున్నాయి. గంగన్న లేచి, మాట్లాడుతూ మాట్లాడుతూనే వాటిని కాలితో గోనెసంచుల వెనక్కి తోశాడు. చిలక్కొయ్యనున్న టోపీ మీద తన తువ్వాలు వేశాడు.

వచ్చినవాడు ఒడియాలో మర్యాదగానే అడిగాడు, విదేశీ సాహెబ్ ఇక్కడే ఉంటారా అని. గంగన్నకు ఒడియా బాగా వచ్చు. ఆ వేళ రాలేదు.

"దొరా గిరా ఎవులూ నేరు బాబూ. ఈ ఇంట్లో ఎవులూ నేరు. నానొక్కణ్ణే."

ఎవరూ లేని ఇంట్లో ఇన్ని చేపలు ఎవరికి అని ఆ పోలీసు అడగొచ్చు. అడగలేదు. ఎండగా ఉంది, అతనికి ఇంకా వెళ్ళాల్సిన ఇళ్ళున్నాయి. ఏదో రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇది అబద్ధం అని గంగన్న అనుకోలేదు. పోలీసు ఒక మనిషి పేరు అడిగాడంటే ఆ మనిషిని తీసుకుపోవడానికే. పొడంపేటలో మాటలు నేర్చిన పిల్లలు అమ్మ తరవాత నేర్చేది "వేటకెళ్ళిపోనాడు" అన్న మాట. ఆ ఊళ్ళో పైడయ్య సైకిలు ఒకటి పోతే, దొరికిందని చెప్పడానికి పోలీసులు వచ్చారు. ఊరు ఊరంతా పైడయ్య వేటకెళ్ళాడంది. ఎప్పుడొచ్చినా అదే మాట. ఆ సైకిలు ఏదో స్టేషను వెనక జీడిచెట్టుకు ఆనించి ఉందని, చెట్టు దాని చువ్వల్లోంచి పెరిగిపోయిందని, ఇప్పుడు చక్రాలకు జీడిపళ్ళు కాస్తున్నాయని అంటారు. నేను తిన్నాను కూడా. ఇనుప వాసన.

సాయంత్రం నీల్స్ ఇసుక కాళ్ళతో వచ్చాడు. ఎండకు ముక్కు తోలు లేచిపోయి ఉంది. గంగన్న కానాగంతల పులుసు వడ్డించి, తానూ కూర్చుని, జరిగింది చెప్పాడు. మోటారుసైకిలు చప్పుడు చేసి చూపించాడు, మీసం చూపించాడు, జోళ్ళు తోసిన తీరు కాలితో చూపించాడు. నీల్స్ చేతిలో ముద్ద అలాగే ఆగింది. పోలీసా అని అడిగాడు. పోలీసే అన్నాడు గంగన్న. నీల్స్ అతని మొహంకేసి చూశాడు. ఆ మొహంలో ఆ సగం మూసిన కన్ను కూడా తెరుచుకుని ఉందట. నీల్స్ ముద్ద తిని, ఇంకాస్త పులుసు వేయించుకుని, అరుగు మీదికి వెళ్ళి మెల్లగా ఫోన్లో మాట్లాడాడు. గంగన్న ఆ రోజు గిన్నెలు తోముతూ పాట అందుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక మనిషిని కాపాడటం అతనికి అదే మొదలు.

మర్నాడు కంపెనీలో ఈ కాగితాల పని చూసే రవికాంత్ వచ్చాడు. మా వర్తకుల కుర్రాడే. చెప్పిన చోట మనిషి ఉండటం లేదని రిపోర్టు పైకి వెళ్ళిపోయింది. రవికాంత్ వంటింటి వైపు ఒక్క అంగలో పోబోతే నీల్స్ జబ్బ పట్టుకుని ఆపాడు. ఆ సంగతి గంగన్నకు తెలియకూడదు అన్నాడు. తెలిస్తే ఆ మనిషి మళ్ళీ గడప అవతలికి పోతాడు అన్నాడు. మళ్ళీ వచ్చేవాళ్ళకు నిజం చెప్పమనైనా చెబుదామని రవికాంత్ బతిమాలాడు. అలా చెప్తే నిన్న చెప్పింది తప్పని తెలిసిపోతుందిగా అన్నాడు నీల్స్. ఈసారి వచ్చేటప్పుడు తానే ఇంట్లో ఉంటానన్నాడు.

ఇప్పుడు నా గొప్ప దగ్గరికి వద్దాం. నేను ఇస్త్రీ పంచె కట్టుకుని, ఈ అనుమతులు చూసే పోలీసు ఆఫీసుకు వెళ్ళాను. ఆ మనిషి మా ఇంట్లోనే ఉంటున్నాడని చెప్పాను. అక్కడివాళ్ళు కుర్చీ వేశారు. పైన పంకా తిరుగుతోంది. నేను నిద్రపోయాను. లేపి, మీ ఇంట్లో ఎవరూ లేరని మీ మనిషే అంటున్నాడు కదా అని అడిగారు. నేను కళ్ళజోడు కోసం చొక్కా జేబు తడుముకున్నాను. అతను మా ఇంట్లో ఉంటాడని మొదట్లో పెట్టిన ఆ సంతకం కూడా, రవికాంత్ వేలు పెట్టిన చోట, కళ్ళజోడు లేకుండా పెట్టిందే. తేల్చింది నేను కాదు. మళ్ళీ మనిషిని పంపి చూస్తామన్నారు, అంతే.

పంపారు. అయితే చెప్పాపెట్టకుండా పంపారు. ఆ పొద్దున గోడ దగ్గర ఒక సంచి చిరిగిందని కబురొస్తే నీల్స్ పరుగెత్తాడు. ఎర్ర బూట్లు వచ్చాయి. ఈసారి గంగన్న తయారుగా ఉన్నాడు. మొదటిసారి గెలిచినవాడు కదా. మోటారుసైకిలు చప్పుడు సందు మలుపులో వినగానే నీల్స్ బట్టలు, పుస్తకాలు, గడ్డం గీసుకునే సరంజామా దుప్పట్లో మూటగట్టి ఉప్పుగదిలో పడేసి తాళం వేశాడు. పోలీసు గది గది చూశాడు. ఖాళీ మంచం, ఖాళీ చిలక్కొయ్య.

"సూసుకో బాబూ. నాను సెప్పనేదా, ఈ ఇంట్లో ఎవులూ నేరు."

రెండు రిపోర్టులు ఒకలాగే వెళ్ళాయి. పొడిగింపు కుదరదు, కావాలంటే మళ్ళీ మొదటినుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు అన్నారు. కంపెనీవాళ్ళు లెక్క చూసుకుని, మళ్ళీ మొదలుపెట్టేకంటే ఆ ఉద్యోగం ఎత్తేయడం తేలికనుకున్నారు. ఉద్యోగం పోతే ఉండే అనుమతీ పోతుంది.

వెళ్ళే ముందురోజు సాయంత్రం ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం రవికాంత్ ఫోన్లో ఎవరితోనో "వంటవాడు" అనడం గంగన్న విన్నాడు. అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అడిగాడు.

"నాను సెప్పిన మాటకేనా, నీలంబాబూ?"

"కాదు గంగన్నా," అన్నాడు నీల్స్, వచ్చిన నాలుగు తెలుగు మాటలూ కూడదీసుకుని. "పని అయిపోయింది."

గంగన్న తీరిగ్గా ముద్ద మింగాడు.

"పనయిపోతే ఎల్లాల మరి."

ఆ చిరిగిన సంచిని నీల్స్ కుట్టించాడు కానీ, దాని మీద మొదటి వాన పడటం చూడలేదు. గంగన్న నమ్మాడో లేదో నాకు తెలియదు. కంచం తీసి, చెయ్యి కడుక్కుని, గిన్నెలు తోమడానికి వంటింట్లోకి పోయాడు. మర్నాడు కారు ఎక్కేముందు నీల్స్ అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఎల్లొస్తాను" అన్నాడు, అచ్చం పొడంపేట మనిషిలా. గంగన్న తల ఊపాడు.

ఇంతవరకు చదివారు కాబట్టి చెప్పేస్తున్నాను. ఆ చేతులు పట్టుకోవడం, ఆ మాట, ఆ తల ఊపడం నేను కల్పించాను. జీడిపళ్ళ సంగతి కూడా కల్పనే అనుకుంటారేమో, అది కాదు. అసలు జరిగింది ఇది. నీల్స్‌కు చిలకసరస్సు రొయ్యలు ఇష్టమని గంగన్న ఆ పొద్దున్నే బస్సెక్కి రంభకు వెళ్ళాడు. మధ్యాహ్నం వస్తుందన్న కారు, దారిలో ఏదో ఊరేగింపు అడ్డొస్తుందని ముందే వచ్చేసింది. నీల్స్ గుమ్మంలో నిలబడి సందు మలుపు వంక చూస్తూ ఆపగలిగినంతసేపు ఆపాడు. డ్రైవరు హారన్ కొట్టాడు. గంగన్న రొయ్యల సంచితో వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది.

పెరట్లో దండెం మీద, పొద్దున తాను ఉతికి ఆరేసి వెళ్ళిన నీలంబాబు తెల్లచొక్కా ఒకటి, చేతులు కిందికి వేలాడుతూ, అంచుల దగ్గర ఇంకా తడిగానే ఉంది.