గొర్రెలు తొక్కిన గుంట

మా పెరట్లో చేపల గుంట కడిగింది నేనే. ఇంకెవురో చెడగొట్టినారని చెప్పుకునేదానికి లేదు.

గుంట మా నాయన బోరన్న తవ్వింది. మూడు మంచాల వెడల్పు, నడుము లోతు. దాంట్లో చేపలు పెంచింది మాత్రం నా పెండ్లాము రామాంజినమ్మ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి ఆమె మోకాళ్లు బిగుసుకుపోయినాయి. వాకిలి దాటి నాలుగడుగులు వేయాలంటే గోడ పట్టుకోవల్ల. పొద్దున, సాయంత్రం గట్టుమీది బండపైన కూర్చుని గిన్నె అంచు రాతికి తడుతుంది. ఇరవై ఏడు చేపలూ వచ్చి ఆమె వేళ్ల సందున ముద్ద తునకలు తింటాయి. నాతో దినానికి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. వాటితో మాట్లాడేదానికి లెక్కే లేదు. ఆమె తప్పు లేదులే, నాతో మాట్లాడేకి ఏముండాది.

మొన్న శుక్రవారం కూతురు ఆశా వచ్చి, డాక్టరుకు చూపిస్తానని ఆమెను పావగడకు పిలుచుకోని పోయింది. పోతా పోతా ఆటోలోనుంచి రామాంజినమ్మ తల బయటికి పెట్టింది.

"గుంట నీళ్లు వాసనొస్తాండాయి. చేపలు పైకొచ్చి నోళ్లు తెరస్తాండాయి. చూసుకో. అవి గూడా లేకుంటే ఆ ఇంట్లో నేనెందుకుండాలో నాకే తెలీదు."

నవ్వుతా అనలేదు. అందుకే కడిగినాను.

నేను తిరుమణి దగ్గర సోలార్ పార్కులో ప్యానెళ్లు కడిగే కూలీని. నాలుగో తరగతిలో బడి మానినోనికి ఇంకేం పనిస్తారు. ఆ ప్యానెళ్లుండేది మేము కౌలుకిచ్చిన మా భూమిలోనే. నా చేనుమీది దుమ్ము నేనే తుడుస్తాను, ఆరేండ్లుగా. అద్దం మీద గీత మిగిలిందంటే సూపర్‌వైజరు మల్లా మొదటినుంచి కడిగిస్తాడు. చేతులకు ఇంకో రకం పని రాకుండా పోయింది.

ఆదివారం చేపలను రెండు నీలం డ్రమ్ముల్లోకి మార్చినాను. నీళ్లు తోడేసి, అడుగున పేరుకున్న బురదంతా ఎత్తి కంచె పక్కన పోసినాను. ఆడికి నిలిపుంటే సరిపోయేది. బురద కింద నల్లగా, జిగటగా, తోలు మాదిరి ఒక పొర కనపడింది. అదీ మురికే అనుకున్నాను. పారతో గీకినాను. గీకింది చాలక ప్యానెళ్లు తుడిచే రబ్బరు కర్ర తెచ్చి తుడిచినాను. కింద గరుసు నేల తేలింది. బోరు నీళ్లు వదిలి నింపితే సాయంత్రానికి అడుగున రాళ్లు లెక్కపెట్టొచ్చు, అంత తేట. పొద్దున చేపలను వదిలేద్దామని పోయి పడుకున్నాను.

సోమవారం తెల్లారి చూస్తే గుంటలో చుక్క లేదు.

గట్టుమీద కూలబడినాను. అప్పుడు గుర్తుకొచ్చింది. నాకు ఆరేండ్లప్పుడు మా నాయన చెరువులో ఒండ్రుమట్టి, గొర్రె ఎరువు కలిపి ఈ గుంటలో పోసి, తడిపి, అరవై గొర్రెలను దింపి మూడు దినాలు చుట్టూ తిప్పినాడు. వాటెనక కట్టె పట్టుకోని తిరిగింది నేనే. అన్ని గిట్టలు తొక్కి తొక్కి చేసిందే ఆ నల్ల పొర. నలభై ఏండ్లు నీళ్లను పట్టుకోని కూర్చుంది. నేను మురికని గీకి పారేసినాను.

పాత టార్పాలు పట్టా పరిచి చూసినాను. అంతా చిల్లులే. డ్రమ్ముల్లో అప్పటికే అయిదు వెల్లకిలా తేలినాయి. బోరుకు కరెంటు పోయింది, మల్లా వచ్చేది రెండు గంటలకే. కంటికి ఆనినంత దూరం కరెంటు పుట్టే ఊరప్పా మాది. రామాంజినమ్మ నాలుగు గంటలకు వస్తుంది.

ఊర్లో ఇప్పుడు గొర్రెలుండేది ఒక్కరికే. మా పెదనాయన కొడుకు హొన్నూరప్ప. ఆయనకూ నాకూ మాటల్లేక అయిదేండ్లు. పొలాలన్నీ ప్యానెళ్ల కిందికి పోయినాక ఆయన మందకు మేపు లేదు. ఒకనాడు నీడన గడ్డి ఉండాదని గొర్రెలను పార్కు కంచె సందులోనుంచి లోపలికి తోలినాడు. సూపర్‌వైజరుకు చెప్పింది నేను. నా పని పోతాదని భయం. గార్డులు తరిమితే ఒక చూడి గొర్రె కంచె తీగలో చిక్కుకోని చచ్చింది.

దొడ్డి ముందర పోయి నిలబడినాను.

"ఏమప్పా, పార్కు దొర వచ్చినాడే!" అన్నాడు. "నా గొర్రె ఏదన్నా మీ అద్దం నాకిందా ఏంది?"

"అన్నా, గుంట ఇంకిపోయింది. తొక్కించల్ల."

"ఎట్ల ఇంకిపోయింది?"

"అడుగు గీకినాను."

ఆయన నోట్లో వక్క నమలడం ఆపినాడు. "మీ నాయన చేసింది ఒక్క దినంలో పీకినావా? భలే పనిమంతునివిరా!"

"చేపలు చస్తాండాయన్నా. సాయంత్రానికి రామాంజి వస్తాది."

"చావనీ. నా గొర్రె చచ్చినప్పుడు యాడుంటివి నువ్వు?"

"ఆడనే ఉంటి. చూస్తా నిలబడి ఉంటి."

ఆయన కట్టె అందుకున్నాడు.

"నీకోసరం కాదు. మన మాటలు పోయినాక గూడా ఆ యమ్మ నా గొర్రెపిల్లలకు గంజి పంపించేది. నీకు తెలీదులే."

బయటికొచ్చినవి తొమ్మిదే.

"ఇంతేనా అన్నా?"

"ఇంతే. వచ్చే సంతకు ఇవీ పోతాయి."

కంచె పక్కన పారేసిన బురదను గంపలతో మల్లా మోసినాను. ఇంటి తొట్టిలో నీళ్లన్నీ పోసి తడిపినాను. గొర్రెలు దిగలేదు. పొట్టేలును మెడ పట్టి నేను లాగితే, తక్కినవాటిని ఆయన వెనకనుంచి తోసినాడు. తిప్పినాము. ఎండకు నా కండ్లు చీకట్లు కమ్మినాయి. రెండు చుట్లకొకసారి డ్రమ్ముల దగ్గరికి పోవడం, చచ్చినవాటిని తీసి కానుగ చెట్టు కింద పెట్టడం. తొమ్మిది గొర్రెలు ఎంత తొక్కుతాయి? అవి తొక్కనిచోట మేమిద్దరం మడమలతో తొక్కినాము. "ఇంకో చుట్టు," అంటాడు. అయినంక మల్లా "ఇంకో చుట్టు."

రెండుకు కరెంటు వచ్చింది. మోకాలి లోతు నీళ్లు పెట్టి, నీళ్లంచుకు గుర్తుగా గట్టుకు పుల్ల గుచ్చినాము. గంటసేపు పుల్ల దగ్గరనే కూర్చున్నాను. నీళ్లు దిగలేదు. అప్పుడు చేపలను వదిలినాను. ప్రాణంతో ఉండేవి ఏడు.

ఆటో వచ్చింది. ఆశా చెయ్యి పట్టుకోని రామాంజినమ్మ నేరుగా పెరట్లోకే వచ్చింది. గిట్టల గుర్తులు చూసింది. బురద కాళ్లతో కూర్చున్న బావ హొన్నూరప్పను చూసింది. బండమీద కూర్చుని గిన్నె తట్టింది.

నీళ్లు టీ మాదిరి ఎర్రగా ఉండాయి. ఏదీ రాలేదు. మల్లా తట్టింది.

"బురదనీళ్లమ్మా, దోవ తెలీక తిరుగుతాంటాయి," అన్నాడు హొన్నూరప్ప.

ముద్ద తునక పట్టుకోని చేయి నీళ్లలో పెట్టింది. ఎంతసేపటికో ఒక మూతి వచ్చి వేలికి తగిలింది. ఇంకోటి వచ్చింది. ఏడూ వచ్చినాయి. ఆమె చేయి తీయలేదు. ఇంకా చూస్తానే ఉండాది.

"తక్కినవి యాడ?"

హొన్నూరప్ప లేసి గొర్రెలను అదిలించినాడు. నన్ను దాటి పోతా మెల్లగా అన్నాడు, "మల్లా కడగద్దురా. తొక్కేదానికి ఇంగ గొర్రెలుండవు."

నేను కానుగ చెట్టు తట్టు చూపించినాను. "నేనే కడిగినాను," అన్నాను.

ఆమె చెట్టు తట్టు చూసింది. నా తట్టు చూడలేదు.

"ఆశా, ఆటో ఉండాదా, పోయిందా?"

"పోయిందమ్మా."

ఇంకో తునక తుంచింది.

"నేను పోతే ఈ ఏడింటికి ఎవురు పెడతారు మల్ల," అనింది. నాతో కాదు, నీళ్లతో.