జైలు కుర్చీలు

జైలుకెళ్లేనాటికి నాకున్నవి బేరమాడే నోరు, బావమరిది ఇచ్చిన మాట. "లోపల వడ్రంగం నేర్చుకో బావా, రాగానే నా ఫర్నిచర్ షాపులో మేస్త్రీవి నువ్వే" అన్నాడు. ఆ మాట మీదే నాలుగేళ్లు చిత్రిక పట్టాను. ఒక్కరోజూ దిగులుపడలేదు.

విడుదలై నేరుగా షాపుకెళ్లాను. అక్కడున్న కుర్చీలన్నీ మా జైల్లో చేసినవే. వెనక కాళ్లు కాస్త ఏటవాలుగా చెక్కడం నా అలవాటు, చూడగానే పోల్చుకున్నాను.

"మరి నా పని?"

"నీ దగ్గర దాపరికమెందుకు బావా! జైలు సరుకు చవక. నిన్ను పెట్టుకుంటే గిట్టుబాటు కాదు. ఇంకో రెండేళ్లు లోపలే ఉండాల్సింది" అని నవ్వుతూ, కూర్చోమని నా కుర్చీనే లాగాడు.

నేను కూర్చోలేదు.

లెక్క తేల్చుకుంటే నాలుగేళ్లకు దక్కింది వడ్రంగం. అంతకాలం నన్ను నిలబెట్టిన మాట మాత్రం ఉత్తదే.